చార్టక్క చరిత్ర

ఆ బుధవారం ఉదయం చార్టక్క వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడున్నరకి టిఫిన్, ఎనిమిదింటికి బస్సు, ఎనిమిదిన్నరకి డిపో, తొమ్మిదింటికి రెపో క్లోన్ చెయ్యడం, పన్నెండింటికి హెడ్డాఫీసు నుంచి వచ్చే ఆఫీసరు గారికి చూపించడం. ఇందులో టిఫిన్ ఒక్కటే అనుకున్న టైముకి అయింది.

చార్టక్కకి ఒక అసలు పేరుంది. అది ఉద్యోగపు కాగితాల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సెక్కాలో, ఎవరికి ఎప్పుడు సెలవో చార్టు రాయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని కనుక డ్రైవర్లందరికీ ఆవిడ చార్టక్కే. నిజానికి ఆ చార్టు ఆవిడది కాదు. హెడ్డాఫీసు వాళ్ళు అచ్చేసి పంపిన గళ్ళ కాగితంలో ఆవిడ పేర్లు నింపేది, అంతే. ఆ గళ్ళ ప్రకారం ఒకాయనకి రాత్రి డ్యూటీ పడిందంటే ఏడాది పొడుగునా రాత్రి డ్యూటీయే. చార్టక్క భర్త అదే డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పదకొండేళ్ళపాటు కొడుకు పుట్టినరోజులు ఆయన ఫొటోల్లోనే చూశాడు. ఆ పదకొండేళ్ళూ ఆ గడిలో ఆయన పేరు రాసింది చార్టక్క చెయ్యే. ఆ సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు.

అందుకే యాభై రెండో ఏట కోడలి పక్కన కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఎనిమిది నెలలు కుస్తీ పట్టి, డ్యూటీలూ సెలవులూ అందరికీ సమంగా పంచే ప్రోగ్రాము రాసింది. ఇవాళ ఆఫీసరు గారు చూసి సరేనంటే సోమవారం నుంచి డిపోలో ఆ చార్టే నడుస్తుంది. చూడటానికి ఏమీ లేకపోతే మళ్ళీ గళ్ళ కాగితమే.

"అత్తయ్యా, ఇవాళైనా క్లోన్ చేస్తారా, లేదా?" అని టిఫిన్ దగ్గర కోడలు నిలదీసింది.

ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఆరు వారాలుగా నలుగుతోంది. ప్రోగ్రామునీ, దానికి రోజూ చేసే మార్పులనీ కలిపి దాచే చోటుని రెపో అంటారు. చార్టక్క రెపో డిపోలో ఆవిడ బల్ల కిందున్న పాత కంప్యూటర్లో ఉంది. అక్కడ ఒక్కచోటే ఉంది.

"ఆ డబ్బాకి ఏదైనా అయితే మీ ఎనిమిది నెలల కష్టం గోవిందా!" అంది కోడలు.

"క్లోనంటే జిరాక్సు లాంటిదేగా! తీస్తాలేవే."

"జిరాక్సు కాదత్తయ్యా. మొదటిరోజు నుంచి మీరు చేసిన మార్పులన్నీ, వాటి పక్కన మీరు రాసిన మాటలన్నీ, మొత్తం చరిత్రతో సహా ఇంకో కంప్యూటర్లోకి వచ్చేస్తుంది."

"రాసిన మాటలు కూడానా?"

"అక్షరం పొల్లు పోకుండా."

చార్టక్కకి పొలమారింది. ఆరు వారాలుగా ఆవిడ తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా ఇందుకే. మార్పు చేసిన ప్రతిసారీ ఏం మార్చారో, ఎందుకు మార్చారో పక్కన ఒక ముక్క రాయాలని కోడలు మొదట్లోనే నేర్పింది. ఎవరు చూడొచ్చారులే అని చార్టక్క మనసులో ఉన్నదంతా రాసేసింది. అందులో మేనేజరు గారి చెవుల ప్రసక్తి ఉంది, కోడలి కాఫీ ప్రసక్తి ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా కౌంటరు వదిన ఫ్యాను ప్రసక్తి ఉంది.

కౌంటరు వదినంటే టికెట్ల కౌంటర్లో కూర్చునే ఆవిడ. వరసకి వదినేమీ కాదు, పదిహేనేళ్ళ స్నేహం కొద్దీ వదిన. ఆ కౌంటరుకీ చార్టు గదికీ మధ్య సగం గోడే ఉంది. ఆ గోడ మీద ఇద్దరికీ కలిపి ఒక్కటే ఫ్యాను. రెండు నెలల కిందట ఆ ఫ్యాను ఎటు తిరగాలన్న దాని మీద మాటా మాటా పెరిగి, చివరికి మాటలే ఆగిపోయాయి. అప్పటినుంచి తప్పనిసరి సంగతులు చీటీల మీద రాసి గోడమీంచి అటూ ఇటూ విసురుకుంటున్నారు.

"నా చరిత్ర కూడా ఉందా అందులో?" అని పేపరులోంచి తలెత్తకుండా అడిగాడు చార్టక్క భర్త.

"మీ చరిత్రకి వేరే కంప్యూటరు కొనాలి."

కోడలు నవ్వుతూనే చీటీ మీద ఒక లైను రాసిచ్చింది. "ఇది టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఒక్క నిమిషం పని. ఆఫీసరు గారు రాకముందే చెయ్యండి, మీకు పుణ్యముంటుంది." చార్టక్క సరేనంది. ఆఫీసులో కొత్తగా ఇచ్చిన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. చీటీ, సెల్‌ఫోను మర్చిపోకూడదని రెండింటినీ కళ్ళెదురుగా బల్ల మీద పెట్టుకుంది. రెండింటినీ అక్కడే మర్చిపోయి వెళ్ళింది.

పది నిమిషాల తర్వాత కోడలు ఆ రెండింటినీ చూసి తల పట్టుకుంది. వెంటనే డిపోకి ఫోన్ చేసింది. ఫోన్ తీసింది మేనేజరు గారు. ముప్పై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికిన మనిషి ఆయన. ఎడమ చెవి సగం పనిచేస్తుంది, కుడి చెవి దానికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది. పైగా ఆ సమయానికి ఆయన కిటికీ వెనకాల ఒక మెకానిక్కు ఇంజను స్టార్టు చేసి, బాగైందో లేదోనని అదేపనిగా రెయిజ్ చేస్తున్నాడు.

"నేను చార్టు సెక్షన్ ఆవిడ కోడల్నండీ. ఆవిడ రాగానే చెప్పండి. పన్నెండింటికి ఆఫీసరు గారు వచ్చేలోపల రెపో క్లోన్ చెయ్యాలి. చాలా ముఖ్యం."

మేనేజరు గారి చెవిని చేరినవి నాలుగే ముక్కలు: 'పన్నెండు', 'ఆఫీసరు గారు', 'డిపో క్లీన్', 'చాలా ముఖ్యం'. మధ్యలో ఖాళీలన్నీ ఆయన సర్వీసు కొద్దీ పూరించుకున్నాడు. గభాలున లేచి నిలబడ్డాడు.

"తప్పకుండా మేడమ్! అద్దంలా ఉంచుతాం మేడమ్!"

ఎంత మర్యాదస్తులో అనుకుంటూ కోడలు ఫోన్ పెట్టేసింది.

డిపో మైకు మేనేజరు గారికన్నా రెండేళ్ళు పెద్దది. అందులోంచి ఏ మాటైనా గరగరమంటూ గొంతు మార్చుకునే బయటికొస్తుంది. ఎనిమిదీ ఇరవైకి ఆ మైకు మోగింది. "అందరూ వినండి! పన్నెండు లోపల డిపో క్లీన్ చెయ్యాలి! ఎవరికి చేతనైనంత వాళ్ళు వెంటనే మొదలుపెట్టాలి! హెడ్డాఫీసు ఆర్డరు!"

ఇక చూడండి. డ్రైవర్లు చీపుళ్ళు పట్టారు. మెకానిక్కులు నూనె మరకల మీద పడ్డారు. ఆవరణ కడగాలంటే బస్సులు అడ్డమని, ఉన్న బస్సులన్నీ తీసుకెళ్ళి రోడ్డు మీద వరసగా నిలబెట్టారు. రోడ్డు మీద ఉన్న బస్సులేమో మురికిగా ఉన్నాయని, వాటిని కడగడానికి లోపలికి పిలిపించారు. తొమ్మిదింటికి గదుల్లో కరెంటు తీసేసి, డీజిలు పంపు పెట్టి, నీళ్ళ పైపు పంపు బాబాయి చేతికిచ్చారు. బస్సులు కడిగే విభాగానికి ఆయనే పెద్ద. చేతిలో పైపుంటే ఆయన ఎవరి మాటా వినడు.

అక్కడ బస్టాపులో చార్టక్క ఎనిమిదింటి బస్సు కోసం చూస్తోంది. ఆ బస్సుకి డ్రైవరుని వేసింది తనే. తొమ్మిదయినా జాడ లేదు. సోమవారం వచ్చాక ముందు ఈయన సంగతి తేల్చాలి అనుకుంటుండగా ఖాళీ బస్సొకటి నెమ్మదిగా వచ్చింది.

"డిపోకేనా బాబూ?"

"డిపోకేనక్కా, కానీ..."

ఆ కానీ పూర్తయ్యేలోపల చార్టక్కా, ఆవిడతోపాటు ఇంకో ఏడుగురూ ఎక్కేశారు. బస్సు డిపోకే వెళ్ళింది. గేటు దాటింది, ప్లాట్‌ఫారం దాటింది, తిన్నగా వాషింగు షెడ్డులోకి వెళ్ళి ఆగింది. డ్రైవరు "ఉండండుండండి!" అని కేకేస్తూ దిగి పరిగెత్తాడు గానీ, పంపు బాబాయి అప్పటికే పైపు విప్పేశాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

"ఆపండయ్యా! లోపల మనుషులున్నారు!" అని ఎనిమిది గొంతులు ఒక్కసారి అరిచాయి.

"ఉంటే ముందే చెప్పొద్దూ!" అని పంపు బాబాయి ఎదురు విసుక్కున్నాడు.

చార్టక్క ల్యాప్‌టాప్ సంచిని నెత్తిన పెట్టుకుని, నిలువునా తడిసి దిగింది. ల్యాప్‌టాప్ తడవలేదు. బతికిపోయాను అనుకుంటూ తన గదికి వెళ్ళింది. గదిలో బల్ల లేదు, కుర్చీ లేదు, బల్ల కింద ఉండాల్సింది అసలే లేదు. నేల మాత్రం నిగనిగలాడుతోంది.

"అన్నీ ఎండలో పెట్టించానక్కా, కంగారుపడకు," అంటూ పంపు బాబాయి వెనకే వచ్చాడు. ఆయన మొహంలో గర్వం పొంగిపోతోంది. "నీ కంప్యూటరుందే, పైన తుడిస్తే పోయే దుమ్ము కాదది! మూత తీసి మరీ లోపలంతా కడిగాను. పుట్టినప్పటినుంచీ దాన్ని ఒక్కళ్ళు కడిగిన పాపాన పోలేదు."

ఆవరణలో, కుర్చీకీ బీరువాకీ మధ్య, ఎనిమిది నెలల కష్టం బోర్లా పడి ఉంది. మూలనుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

"ఎండ బాగానే ఉందక్కా, గంటలో ఆరిపోతుంది."

"ఆరిపోయింది బాబాయ్," అంది చార్టక్క. పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది. దుఃఖం తన్నుకొచ్చింది. ఆవిడ ఆపుకోలేదు. ఎటూ నిలువునా తడిసే ఉంది కనుక ఎవరికీ తెలియలేదు.

జరిగిందేమిటో తెలిశాక డిపో మొత్తం ఆవిడ చుట్టూ చేరింది. మంచి మనసులు, కాదనను. కానీ మంచి మనసుతోపాటు వర్క్‌షాపు సామాను కూడా తెచ్చారు. టైర్లలో గాలి కొట్టే పైపుతో ఊదితే తడి చిటికెలో పోతుందని ఒక మెకానిక్కు సలహా ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోక ఊదాడు. తడి పోయింది. దాంతోపాటు లోపలి నుంచి చిన్న పచ్చముక్క ఒకటి ఎగిరి ఎటో పోయింది. ఆ తర్వాత గంటన్నరసేపు ఇరవై మంది వంగి, కడిగిన ఆవరణంతా ఆ ముక్క కోసం వెతికారు. దొరకలేదు. డిపో అంత శుభ్రంగా ఉందని అప్పుడే అందరికీ తెలిసింది.

పదకొండుంబావుకి కోడలు ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో సెల్‌ఫోనూ చీటీ ఉన్నాయి.

"క్లోన్ అయిందా అత్తయ్యా?"

"క్లీన్ అయింది," అని చార్టక్క ఎండలో ఉన్న డబ్బాకేసి చూపించింది.

"అదేంటి, రెపో క్లోన్ చెయ్యాలని పొద్దున్నే మేనేజరు గారికి ఫోన్ చేసి చెప్పానుగా!"

అందరి తలలూ ఒక్కసారిగా మేనేజరు గారి వైపు తిరిగాయి. ఆయనకీ ఈసారి చక్కగా వినిపించింది. "అంటే... మీరు హెడ్డాఫీసు కాదా?" అని నీరసంగా అడిగి, తనూ ఒక బకెట్టు వెతుక్కున్నాడు.

ఆఫీసరు గారు అరగంట ముందే వచ్చారు. కళ్ళద్దాలు, చంకలో నీలం ఫైలు, కొలిచినట్టు మాట్లాడే మనిషి ఆవిడ. మెరిసిపోతున్న ఆవరణనీ, బకెట్ల మీద కూర్చున్న సిబ్బందినీ, ఆరబెట్టిన బీరువానీ వరసగా చూసి, ఏమీ అడగకుండా చార్టు గదిలోకి నడిచారు. అప్పటికి మళ్ళీ కరెంటిచ్చారు. సగం గోడకి అటువైపు కౌంటరు వదిన ఏమీ పట్టనట్టు టికెట్లిస్తోంది.

"ఏదమ్మా మీ ప్రోగ్రాము?"

మేనేజరు గారు ఏదో సర్దిచెప్పబోయాడు. చార్టక్క చెయ్యి అడ్డం పెట్టి ముందుకొచ్చింది. "లేదండీ. పొద్దున్నదాకా ఉంది, ఇప్పుడు లేదు. ఎవరి తప్పూ కాదు. రెండోచోట కాపీ పెట్టుకోమని మా కోడలు ఆరు వారాలుగా పోరుతోంది. నా రాతలు ఎవరి కంట పడతాయోనని భయపడి పెట్టుకోలేదు. అంతేనండీ."

ఆఫీసరు గారు ఫైలు మూశారు. "మరి నేను చేసేదేముంది? సోమవారం నుంచి మామూలు చార్టే..."

ఆ మాట సగంలో ఉండగా గోడమీంచి ఒక చీటీ వచ్చి చార్టక్క కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ వంగి తీసి చదివింది. మళ్ళీ చదివింది. కోడలు లాక్కుని పైకి చదివింది: "నా కంప్యూటర్లో ఉంది. ఇట్లు, కౌంటరు."

"వదినా!" అని చార్టక్క గోడ దగ్గరికి పరిగెత్తింది. రెండు నెలల్లో నోటితో అన్న మొదటి మాట అది.

"ఎందుకలా కేకలు? మైకులో ఆర్డరేశారు, చేశాను," అంది కౌంటరు వదిన. "రెపో క్లోన్ చెయ్యాలి, ఎవరికి చేతనైనంత వాళ్ళు చెయ్యాలి అన్నారు. నాకు చేతనవును. ఆమధ్య మీ కోడలు మన రెండు కంప్యూటర్లకీ వైరు కలిపి నీకు పాఠం చెప్తుంటే, గోడ ఇవతల నేను చెవులు మూసుకుని కూర్చోలేదుగా! నీ డబ్బా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందిగా, కరెంటు తియ్యకముందే, ఎనిమిదిన్నరకల్లా క్లోన్ చేసేశాను. మిగతా వాళ్ళంతా నీళ్ళ పైపులెందుకు పట్టుకున్నారో అర్థం కాలేదు. మనకెందుకులే అని ఊరుకున్నాను."

"నేను డిపో క్లీన్ అనే చెప్పానే!" అన్నాడు మేనేజరు గారు.

"ఆ మైకులో ఏనాడు చెప్పింది చెప్పినట్టు వినిపించింది సార్?"

ఫోన్లో ఒకసారీ, మైకులో ఒకసారీ తప్పుగా విన్న మాట, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చేరాల్సిన చోటికి క్షేమంగా చేరింది. పంపు బాబాయి కౌంటరు కడగడానికి కూడా వచ్చాడట. ఈవిడ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుని "ఊఁ, రా!" అందిట. ఆయన వెనక్కి పోయాడు.

చార్టక్క కొత్త ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించి, కోడలి చీటీలోని లైను టైపు చేసింది. డబ్బా పేరొక్కటి మార్చి కౌంటరు కంప్యూటరు పేరు పెట్టింది. ఎంటర్ నొక్కింది. నిజంగానే ఒక్క నిమిషం. ప్రోగ్రాము తెరుచుకుంది. ఆఫీసరు గారు ముగ్గురు డ్రైవర్లకి సెలవిచ్చి చూశారు, ఒక బస్సు పాడైనట్టు పెట్టి చూశారు. చార్టు ఎక్కడా తడబడలేదు. అప్పుడు ఆవిడ అద్దాలు సర్దుకుని, మార్పుల చరిత్ర తెరిచి, పైకే చదవడం మొదలుపెట్టారు. భూమి చీలితే బావుండునని చార్టక్క నేలకేసి చూసింది. అది శుభ్రంగా ఉందే తప్ప చీలే సూచనలేవీ లేవు.

"'మేనేజరు గారికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మూడు రకాలుగా విన్నారు. సెలవుల సంగతి నేనే సరిచేశాను.'"

"ఏమిటంటున్నారు?" అన్నాడు మేనేజరు గారు.

"మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు సార్," అంది కౌంటరు వదిన.

"'కోడలి కాఫీ తాగి వచ్చి ఈ తప్పు చేశాను. ఇవాళ దిద్దాను.' ... 'వదిన ఫ్యాను మళ్ళీ తనవైపే పెట్టుకుంది. చెమటకి కీబోర్డు జారుతోంది. మిగతాది రేపు.' ... 'ఏడో నంబరు డ్రైవరు భార్యకి ఆపరేషను. మూడు వారాలు పగటి డ్యూటీయే పడేట్టు చేశాను.' ... 'కొత్తగా చేరినాయన రాత్రిపూట కళ్ళు సరిగ్గా కనపడవని ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాడు. అడక్కుండానే మార్చాను.'"

నవ్వుతున్న వాళ్ళు నవ్వడం మానేశారు. ఆఫీసరు గారు ఇంకో లైను దగ్గర ఆగి, గొంతు తగ్గించి చదివారు. "'పిల్లల పుట్టినరోజులు కలిపాను. ఆ రోజు వాళ్ళ నాన్నకి రాత్రి డ్యూటీ పడదు. ఎప్పుడో చెయ్యాల్సిన మార్పు. పదకొండేళ్ళు ఆలస్యమైంది.'"

కోడలు అత్తగారి తడి భుజం చుట్టూ చెయ్యేసింది. ఆఫీసరు గారు అద్దాలు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచారు.

"ఎవరికి ఏ డ్యూటీయో చెప్పే చార్టులు వందల్లో చూశానమ్మా," అన్నారావిడ. "ఎందుకో కూడా చెప్పేది ఇదే మొదలు. ఇలా రాయడం మానకండి. సోమవారం నుంచి ఇదే నడవనివ్వండి. ఇక్కడే కాదు, మిగతా తొమ్మిది డిపోల్లోనూ."

డ్రైవర్లు వేసిన కేకకి గుమ్మంలో ఉన్న చీపుళ్ళు కిందపడ్డాయి. చార్టక్కకి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి అందరికీ తెలిసింది. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. "పొద్దున్నే అంతా చదివేశావా వదినా?"

"అక్షరం పొల్లు పోకుండా. చెమటలు కారుతున్నాయని ఒక్క చీటీ రాస్తే నీ సొమ్మేం పోయింది? ఆ ఫ్యాన్ని నేను తిప్పుకోలేదమ్మా. దాని మెడ ఇటే బిగుసుకుపోయింది. రెండు నెలలుగా నాకు జలుబు!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. పంపు బాబాయి స్టూలెక్కాడు, మెకానిక్కు నూనె డబ్బా తెచ్చాడు, డిపో అంతా ఆ ఫ్యాను మెడ చుట్టూ మూగింది. చార్టక్క ఆ రోజు మార్పుల పక్కన "ఫ్యాను తిరుగుతోంది" అని రాసుకుంది.

వెళ్ళబోతూ ఆఫీసరు గారు మేనేజరు గారి దగ్గర ఆగారు. "తొమ్మిది డిపోలకీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. సాయంత్రంలోపల అందరూ ఈ రెపో క్లోన్ చేసుకోవాలి." ఆయన లేచి నిలబడి, "తప్పకుండా మేడమ్," అని ఫోనందుకున్నాడు. ఆయన కిటికీ వెనకాల మళ్ళీ ఎవరో ఇంజను రెయిజ్ చేస్తున్నారు.

సాయంత్రం నాలుగయ్యేసరికి తొమ్మిది డిపోలూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.